నేల కింద నడిచే నీళ్లు

యాసంగి వరి పొట్టకొచ్చింది.

లింగంపేట దగ్గర తన పొలానికి వచ్చిన గంగమణికి, బావి గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి చూస్తున్న ముసలాయన కనిపించాడు.

“ఎవలయ్యా నువ్వు? గీడేం జేస్తున్నవ్?”

“నీళ్లు చూస్తున్న బిడ్డా.”

రాయి కట్టిన తాడును పైకి లాగి, తడవని మేర మూరలు వేశాడు.

“పోయినేడు కన్న రెండు మూరలు పైకొచ్చినయి,” తనలో తాను నవ్వుకున్నాడు.

గంగమణికి ఒళ్లు మండింది. నీళ్ల జాడ చెప్పే ఇలాంటి వాళ్ల మాట నమ్మి వేయించిన మూడు బోర్లలోనూ దుమ్మే లేచింది.

“మళ్లొక బోరు ఎయ్యమంటవ్, గంతేనా?”

“వద్దు బిడ్డా. ఎగువన ఆగిన వాన నీళ్లు మొరంలకు ఇంకి, రాతి పగుళ్లల్లకెళ్లి నడుసుకుంట వస్తున్నయి. గీడికి రానీకి ఇన్ని నెలలు పట్టింది.”

“నీళ్లకు కాళ్లున్నయా?”

“ఉన్నయి. సప్పుడుండది.”

ఆయన చూపు నేల అడుగున ఎవరితోనో నడుస్తున్నట్టుంది.

“ఇంకా ఎంత దూరం పోయినయో చూడాలె. ఎల్లారెడ్డి ఊరి దిక్కు పోత. జరన్ని తాగే నీళ్లియ్యవా?”

“మా బావికి దిష్టి పెట్టకు. నడువు!”

ఆయన తాడు చుట్టుకుని గట్టు దిగి వెళ్లిపోయాడు.

ఆ ఏడు కోతల దాకా బావి ఎండలేదు. పదేళ్లలో అదే మొదటిసారి.

మధ్యాహ్నాలు మోటారు ఆపి, గంగమణి గట్టు మీద కూర్చునేది. అరికాళ్ల కింద చల్లగా ఏదో కదిలిపోతున్నట్టుండేది. కళ్లు మూతలు పడేవి.

మరుసటి యాసంగికి ఆయన రాలేదు.

ఆమెకు మనసు ఆగలేదు. కొత్త బియ్యం సంచిలో పోసుకుని ఎగువకు నడిచింది.

మూడు కిలోమీటర్లు పోయాక ఒక పెద్ద కుంట. అందులో మబ్బులు తేలుతున్నాయి. ఒడ్డున భూమక్క అనే ఆమె బట్టలు ఉతుకుతోంది.

“అక్కా, బావులల్ల నీళ్లు కొలిచే ముసలాయన గీ ఊరోడేనా?”

“స్వామిదాసు బాపునా? వానలు పడంగనే సచ్చిపోయిండు.”

గంగమణి సంచి కింద పెట్టింది.

“నీళ్లు చూసుడేనా ఆయన పని?”

“గాదు, రైతే.”

“మరి పొలం యాడుంది?”

భూమక్క తడి చేత్తో కుంట నడిమికి చూపించింది.

“నీళ్లు ఇంకెటందుకు సర్కారోళ్లు ఊట కుంట తవ్వుతమంటే ఊళ్లె ఎవ్వలు జాగియ్యలే, ఉన్న రెండెకరాలు గాయ్నే ఇచ్చిండు.”