ఆఖరి వైరు

పుస్తకాల బండి డ్రైవరు అబద్ధం ఆడడు. నిజానికి కాస్త గాలి కొట్టి వదులుతాడంతే.

ఒకసారి వాన తరుముకొస్తే వెనక చక్రాలు తడిశాయి గానీ ముందు చక్రాలకు చుక్క అంటలేదని చెబుతాడు. ఆ బండిలోనే ఊరూరా పుస్తకాలిచ్చే ఆవిడ ఆయన పెళ్లాం. ఆ కథ విన్నప్పుడల్లా వాన ఇంకాస్త పెరుగుతోందని ఆవిడ ఫిర్యాదు.

ఆ చలి పొద్దున మాత్రం ముందు చక్రాలూ కదల్లేదు, వెనక చక్రాలూ కదల్లేదు.

గ్రంథాలయం ఆఫీసువాళ్లు గడువు పెట్టారు. తొమ్మిదింటికల్లా బండి తనంతట తాను నడిచి ఆఫీసు ఆవరణలోకి రావాలి. లేకపోతే తుక్కు కింద లెక్క. ఆయన్ని గేటు దగ్గర స్టూలు మీద, ఆవిణ్ణి గోడౌన్లో బూజుల మధ్య కూర్చోబెడతారు.

ముప్పై ఏళ్లు ఒకే బండిలో తిట్టుకుంటూ తిరిగిన మొగుడూ పెళ్లాలు. విడివిడిగా కూర్చుంటే ఎవర్ని తిట్టుకుంటారు చెప్పండి.

పాత డీజిలింజను చలికి మొండికేస్తుంది. దాన్ని లోపల వేడెక్కించడానికి నాలుగు గ్లో ప్లగ్గులుంటాయి. అవి ఎర్రగా కాలితేనే డీజిలు అంటుకుంటుంది. పాతవి మాడిపోయాయి. ఆ రకం ఇప్పుడు రావడం లేదంటే డ్రైవరు కొత్త రకం తెచ్చి నిన్న సాయంత్రం బిగించాడు. వైర్లు మాత్రం పాతవి ఎలా ఉన్నాయో అలాగే, ఒక్కటీ వదలకుండా.

తాళం తిప్పితే డాష్‌బోర్డులోని చిన్న తీగచుట్ట ఎర్రబడింది. అది వెలిగితే ప్లగ్గులు కాలుతున్నట్టే, అదీ గుర్తు. ఇంజను మాత్రం గుర్రుమంది గానీ లేవలేదు. మూడుసార్లు తిప్పేసరికి బ్యాటరీ గొంతు తగ్గిపోయింది.

"ఇంకొక్కసారికే ఉంది ఊపిరి," అన్నాడు డ్రైవరు.

"బండికా, మీకా?" అంది పెళ్లాం.

అప్పుడు చూశారు, షెడ్డు గుమ్మంలో నూనె మరకల చొక్కాతో ఒకాయన. ఎంతసేపట్నించి నిలబడ్డాడో. ఎవరని అడిగితే ఈ బండి కోసమే వచ్చానన్నాడు. పక్క ఊరికి ఎక్కించుకోమంటాడు కాబోలనుకుని ఆవిడ బకెట్టు బోర్లించి కూర్చోమంది. ఫ్లాస్కులో అడుగున మిగిలిన టీ పోసిచ్చింది.

డ్రైవరు వాన కథ చెప్పాడు. ఆయన నవ్వకుండా, వాన ఏ దిక్కునుంచి వచ్చిందని అడిగాడు.

డ్రైవరుకి మనిషి నచ్చాడు.

ఆయన లేచి బోనెట్టు కింద తలపెట్టి, డ్రైవరుని ఇంకోసారి తాళం తిప్పి ఆ తీగచుట్ట వెలిగించమన్నాడు. ప్లగ్గు మీద వేలు పెట్టబోతే చెయ్యి కాలుతుందని మొగుడూ పెళ్లాలు ఒక్కసారే వారించారు. పెట్టిన వేలు ఆయన తియ్యనేలేదు.

"దీనికన్నా మీ టీ నయమమ్మా."

మరి లోపల తీగచుట్ట భేషుగ్గా వెలుగుతోందే అని డ్రైవరు వాదించాడు. వెలుగుతుంది, అక్కడిదాకా వచ్చిన కరెంటు అటునుంచి అటే పారిపోతోందన్నాడాయన.

ఆఖరి ప్లగ్గు నుంచి ఇంజను ఒంటికి బిగించిన పొట్టి వైరు చూపించాడు. పాత రకం ప్లగ్గులు కరెంటుని ఒకదానికొకటి అందించుకుంటాయి. చివరిది ఆ వైరు మీదుగా ఇంజనుకి అప్పజెబుతుంది. కొత్తవి అలా కాదు, వేరు కాపురాలు. దేని వాటా అది తీసుకుని, తనని బిగించిన మరల గుండానే ఇంజనులోకి దింపేస్తుంది. వాటికి ఆ వైరు అక్కర్లేదు. ఉంచితే కరెంటంతా వాటిని కాదని అందులోంచే పోతుంది.

"గండి పూడ్చకుండా మడి తడవలేదంటే ఎలా అన్నా?"

"పాతది ఎలా ఉందో అలాగే కట్టాను," అని గొణిగాడు డ్రైవరు.

ఈయనంతేనని పెళ్లాం అందుకుంది. కొత్త చెప్పులు కొన్నా, పాతవి కరిచిన చోటే కరుస్తున్నాయో లేదో చూసుకుంటాడట.

ఆయన బయటికెళ్లి మందపాటి ఎర్ర వైరు, పిడికిలంత రిలే స్విచ్చు తెచ్చాడు. ఎక్కడివంటే, చచ్చిపోయిన లారీవన్నాడు. డాష్‌బోర్డులో చుట్టని పక్కకి తప్పించారు. ఆ పొట్టి వైరు ఊడదీశారు. బ్యాటరీ నుంచి రిలే మీదుగా నాలుగు ప్లగ్గులకీ నేరుగా దారి వేశారు. నట్లు మాత్రం ఆయన ముట్టుకోలేదు, మీ బండి మీరే బిగించండని స్పానరు డ్రైవరు చేతికిచ్చాడు.

"ఇరవై లెక్కపెట్టి తిప్పు."

డ్రైవరు పదిహేడుకే తిప్పబోతే పెళ్లాం చెయ్యి పట్టుకుంది. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై.

ఇంజను దగ్గింది, తుమ్మింది, ఆ తర్వాత అందుకుంది. అరల్లో పుస్తకాలు గంతులేశాయి. షెడ్డంతా పొగ కమ్మేసింది. ముగ్గురి నవ్వులూ వినబడ్డాయి గానీ మనిషన్నవాడు ఒక్కడూ కనబడలేదు.

ముందు సీట్లో కూర్చోమని, ఎక్కడిదాకా అంటే అక్కడిదాకా దింపుతామని బతిమాలారు. తన బండి బయట ఉందన్నాడాయన. మసి చేతులు గోడకి రాసుకుని, "నాకిక ఇక్కడ పనేం లేదులే, మీరు కదలండి," అని వెళ్లిపోయాడు.

పేరైనా అడగలేదే అని ఆవిడ దారంతా నొచ్చుకుంటూనే ఉంది.

డ్రైవరు మాత్రం దారంతా కథ అల్లుకుంటూనే ఉన్నాడు. తొమ్మిదికి మూడు నిమిషాలుండగా ఆవరణలో దిగి, ఇంజను తన గొంతు విని లేచిందని గుమాస్తాకి చెప్పాడు. పెళ్లాం గిల్లినా ఆగలేదు.

గుమాస్తా చివరిదాకా విని ఒక కాయితం ముందుకి తోశాడు. పుస్తకాల బండిని తుక్కుకి తీసుకెళ్లమన్న ఉత్తర్వు అది. దానిమీద అడ్డంగా ఎవరో రాశారు: "ఇది నాకు పనికిరాదు. నడుస్తోంది."

ఎవరు రాశారని డ్రైవరు అడిగాడు, చాలా చిన్న గొంతుతో.

"పాత బండ్లు విరగ్గొట్టే తుక్కు దుకాణం ఆయన, ఇందాకే ఇచ్చి వెళ్లాడు," అన్నాడు గుమాస్తా, "కదలకపోతే మీ బండిని లాక్కెళ్లమని పొద్దున్నే తాడిచ్చి మేమే పంపించాం."