ఎడమచేతి మెలిక

ఒక్క సాయంత్రపు గాలికి కృష్ణవేణమ్మ అరటితోటంతా నేలకొరిగింది. గెలలింకా వేలెడు పిందెలే. నాలుగేళ్ల కింద గడ్డివామి మంటల్లో ఎద్దుల జత పోయాక ఆమెకు మిగిలింది ఆ తోటొక్కటే.

కరువు గంజి కేంద్రాలు ఎత్తేసి రెండేళ్లు కాలేదు. ఇద్దరాడపిల్లలతో రోడ్డు పనికి వలసపోవడం తప్ప, మగతోడు లేని ఆమెకు వేరే దారి కనిపించలేదు.

మూడోనాడు ఎవరో ముసలాయన గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు.

"ఈ అరటిబోదెలు ఏం జేస్తావు తల్లీ?"

"దిబ్బలో ఏస్తా. నీకేమన్నా కావాల్నా?"

"నాకొద్దు. ఎండకముందే గీకితే నారొస్తాది. నేర్పిస్తా."

పక్కచేని నాగక్క నవ్వింది. "కూటికొచ్చినట్టుండాడు వదినా."

ఆయన బోదె పొరలు ఒలిచాడు. పలక మీద పరిచి మొండికత్తితో గీకాడు. నీరూ గుజ్జూ పోయి తెల్లటి నార మిగిలింది.

ఆరిన నారతో పగ్గం పేనడం నేర్పాడు.

"వదులైతే ఎద్దు తెంపుకుంటాది తల్లీ. ఇప్పి మళ్లా పేను."

అన్నం పెడితే ముట్టలేదు. తెచ్చుకున్న శెనక్కాయలే నమిలాడు.

"మా కూడు తినకూడదా ఏమప్పా?"

"నాకంత రుణం లేదులే."

పేరడిగితే నవ్వేవాడు. పదోనాడు చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఆ ఏడు కృష్ణవేణమ్మ ఇంటికి తాళం పడలేదు. ఊళ్లో ఎద్దులన్నిటికీ ఆమె పేనిన పగ్గాలే. నవ్విన నాగక్కే వచ్చి పని నేర్చుకుంది.

ఆయనకివ్వాలని ఒక కొత్త పంచె కొని, కనబడతాడేమోనని ప్రతి వారం అమ్మే పగ్గాలతో పాటు రాజంపేట సంతకు తీసుకుపోయేది.

ఒక సంతరోజు ఒకతను పగ్గాన్ని తిప్పితిప్పి చూశాడు.

"ఇది ఎడమచేతి మెలిక. నేను కడప జైల్లో జవాన్ని. మా కాడ ఖైదీల్లో ఒక్కడే ఇట్ల పేనేటోడు. ఎవురు నేర్పినారమ్మా?"

"ఒక ముసలాయన. ఔ, ఎడమచేతివాటమే. యాడుంటాడప్పా?"

"మా ఊరోడే. పోయిన నెల సచ్చిపాయ. కొడుకొక్కడుండాడు."

ఆమె సంచిలోంచి పంచె బయటికి తీసింది. "దేవుడట్లాంటి మనిషికి జైలేందప్పా?"

"వాళ్ల ఆసామి మాటిని, ఎవురో ఆడమనిషి గడ్డివామికి నిప్పుబెట్నాడు. రెండెద్దులు గూడా కాలిపాయ. తనే ఠాణాకు పోయి తప్పొప్పుకున్నాడు. ఉన్న మూడేండ్లూ ఆమె పేరే తలుచుకుంటా తాళ్లు పేనినాడు. కృష్ణవేణమ్మంట."

 ఆమె పంచె మడత సరిచేసి అతని చేతిలో పెట్టింది.

"ఆయన కొడుక్కియ్యప్పా. కృష్ణవేణమ్మ ఇచ్చి పంపిందని చెప్పు."