టేబుల్‌కో గ్లాసు

మా అమ్మాయి పెళ్లి విందుకు మందు ఎంచడానికి తైనాన్ బజారులోని దుకాణానికి తనూ నేనూ వెళ్లాం. నేను జొన్న సారా సీసా తీశాను. చవక. పైగా కొంచెంతోనే అతిథులకు ఎక్కుతుంది.

"వద్దమ్మా, వైన్ పెడదాం," అంది పెయ్‌చెన్.

"రెట్టింపు ధర! అత్తారి ముందు గొప్పలకా?"

"చవకదే చూస్తాలే."

"పెళ్లికొడుకు ఒక్కో టేబుల్ దగ్గరా ఒక గ్లాసు ఖాళీ చెయ్యాలి. ఆ పుల్లనీళ్లు తాగితే వాళ్ల మామయ్యలు ఏడిపించి చంపుతారే!"

"ఏడిపించనీ."

వైన్ సీసాలన్నీ తిప్పి చూసింది. ధర కాదు, ఘాటు ఎంతో తెలిపే చిన్న అంకె చూస్తోంది. అన్నిటికంటే తక్కువున్న సీసా తెచ్చి నా బుట్టలో పెట్టింది.

"సారా తాగితే అతను చెయ్యి చేసుకుంటాడమ్మా. ఇది తాగితే నిద్రపోతాడు."

చేతిలోని సారా సీసా గబుక్కున అరలో పెట్టేశాను.

"నిన్ను కొట్టాడా? అలాంటివాణ్ణి చేసుకుంటావా? ఈ పెళ్లి వద్దు తల్లీ, ఇంటికి పోదాం పద."

పెయ్‌చెన్ కదల్లేదు. నన్ను ఓదారుస్తున్నట్టు భుజం మీద చెయ్యి వేసింది.

"ఎందుకమ్మా కంగారు? నాన్నకి నువ్వు ఎప్పుడూ కొనేది ఈ వైనేగా."