గేటు మీది బోర్డు

"కారు చప్పుడేమైనా వినిపిస్తోందా అమ్మాయ్?" హెల్మెట్ బిగించుకుంటూ అడిగాడు రెజాన్.

"లేదండీ," అంది పక్కనే సైకిలుకి గాలి కొడుతున్న మయీస్. ఈ కొండకి ఆమె రావడం ఇదే మొదటిసారి.

"ఉండదు! ఈ అడవిలోకి కార్లు రాకుండా అందరితో కొట్లాడింది నేనే. ఈ నిశ్శబ్దం నా చలవే."

"ఈ మాట వినీ వినీ మేపుల్ చెట్లకి కూడా కంఠతా వచ్చేసింది," అంది ఆయన భార్య గిలేన్. గేటు పక్కన మడతకుర్చీలో, బఠాణీ సూపు ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మయీస్ నవ్వి, గేటు మీది బోర్డు చదివింది. 'కార్లకు ప్రవేశం లేదు. కొండెక్కేది కాలి బలంతోనే.'

"అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నాయో!"

"నేనే రాశా," అంది గిలేన్.

"అయితే కొండ పైనుంచి చూస్తే కింద నది ఎలా ఉంటుందో మీరే చెప్పాలి."

"ఆయన్నడుగు. తుంటి విరిగాక నేను పైకి వెళ్లిందే లేదు. కారైతే తప్ప వెళ్లలేను." గిలేన్ బోర్డు వైపు చూసింది. "అది రాసినప్పుడు కాళ్లు బాగుండేవి మరి."

రెజాన్ పెడల్ మీద పెట్టిన కాలు కిందికి దించాడు.

"వెళ్లిరా. సూపు చల్లారిపోతుంది," అంది గిలేన్.

ఇన్నేళ్లూ తను అందరికీ గొప్పగా చెప్పుకున్న ఆ నిశ్శబ్దం ఆయనకి మొదటిసారి వినిపించింది.