నొప్పి తగ్గిన సాయంత్రం

"బుట్టలు అటూ ఇటూ మార్చేశానక్కా. ఇవాళ ఎడమచేత్తో కానివ్వు" అంది చిన్న కోడలు.

పెద్ద కోడలు తలూపింది. గవ్వలు తోమీ తోమీ ఆమె కుడిచేతి వేళ్లు కొంకర్లు పోయాయి. రాత్రంతా సలుపు, పగలంతా నీరసం. ఇంకోసారి పని వెనకబడితే వేరే మనిషిని చూసుకుంటానని మేస్త్రి చెప్పేశాడు. ఆమె జీతం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

వాళ్లు పనిచేసే షెడ్డులో మామూలుగా కుడి బుట్టలో సముద్రం నుంచి వచ్చిన పచ్చి గవ్వలుంటాయి. వాటిని పటకారుతో మరిగే నీళ్లలో వేసి, ఉడికాక ఎడమ బుట్టలో పోస్తారు. తడి మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

మేస్త్రి రోజూ పాడే పాటే మళ్లీ పాడాడు. పూలగవ్వను పచ్చిగా ముట్టుకోవద్దని, అందులోని నత్త విషపు ముల్లుతో చేపల్ని పొడిచి మింగుతుందని, మనిషిని పొడిస్తే విరుగుడు లేదని.

"బాగా నొప్పెడుతుందా?" అనడిగింది చిన్న కోడలు.

"నొప్పి తెలిస్తే బాగుండేదమ్మా" అంటూ ఆయన వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం చిన్న కోడలు అక్క వేళ్లకి ఏదో లేపనం రాసింది. గుణం కనిపించకపోతే తన పేరు మార్చుకుంటానంది. పెద్ద కోడలికి నవ్వే ఓపిక కూడా లేదు.

పని ముగిసేసరికి కళ్లు మూతలు పడుతున్నాయి. కూతురు ఎన్నాళ్లుగానో అడుగుతున్న పూలగవ్వ గుర్తొచ్చింది. ఎప్పటిలా ఎడమ బుట్టలో చెయ్యిపెట్టి ఒకటి తీసుకుంది. ఎక్కడ పడిపోతుందోనని దారంతా కుడి గుప్పిట్లోనే పట్టుకుంది. మధ్యలో ఏదో చిన్నగా గుచ్చుకున్నట్టయింది. నిత్యం సలిపే వేళ్లకి అదేం లెక్క?

ఇల్లు చేరేసరికి సలుపు లేదు. వేళ్లు వదులయ్యాయి. ఆమెకి సంతోషంతో ఏడుపొచ్చింది.

"ఏమండీ, నొప్పి పోయింది. మీ మరదలి మందు బంగారం" అంది భర్తతో. మాట కాస్త ముద్దగా వచ్చింది.

"అలిసిపోయావు, పడుకో. వంట నేను చూస్తాలే" అన్నాడతను.

కూతురు ఆటల నుంచి రాగానే కనబడేలా గవ్వను కిటికీ గట్టు మీద పెట్టి నడుం వాల్చింది. ఇక పని పోదు. రేపు బుట్టలు మళ్లీ మామూలుగా పెట్టమనాలి అనుకుంది. ఏళ్ల తర్వాత హాయిగా కళ్లు మూతపడ్డాయి.

గట్టు మీద గవ్వ మెల్లగా పాకింది.