ఒకటి నొక్కండి

పొద్దున్నే ఫోన్ మోగింది. ఆయన ముఖం ఆముదం తాగినట్టు అయింది.

“నమస్కారమండీ! ఈ రోజు మీ బీపీ మాత్ర వేసుకున్నారా? వేసుకుంటే ఒకటి నొక్కండి. లేదంటే రెండు నొక్కండి,” అంది ఫోన్‌లో గొంతు.

ఆసుపత్రి వాళ్ళ ఏర్పాటు అది. రక్తపోటు ఉన్న వాళ్ళందరికీ రోజూ అదే రికార్డింగు వెళ్తుంది. అదే గొంతు, అదే ఆప్యాయత.

ఆయన మాత్ర వేసుకోలేదు. కానీ ఒకటి నొక్కాడు. మాత్రలు మానేసి నెల దాటినా ఒకటి నొక్కడం ఒక్కరోజు కూడా మానలేదు. ఆపాటి క్రమశిక్షణ ఆయనకుంది.

“ఎంత బాగా చెబుతాడండీ! ఆ గొంతు వింటే రాయి కూడా మాత్ర మింగుతుంది,” అంది భార్య, మంచినీళ్ళ గ్లాసుతో వస్తూ.

“డబ్బులిస్తే ఎవడైనా చెబుతాడు. వాడూ, వాడి శ్రీరంగనీతులూ! వాడు చచ్చినా వేసుకోడు.”

“అవున్లెండి, వాడి సంగతి మీకంటే ఎవరికి తెలుసు!”

ఆయన మాత్ర తీసి నోట్లో వేసుకున్నట్టు నటించాడు. గడగడా నీళ్ళు తాగాడు. ఆమె అటు తిరగ్గానే మాత్ర గుప్పిట్లోంచి కళ్ళజోడు డబ్బాలోకి జారింది.

మొదట్లో బుద్ధిగానే వేసుకున్నాడు. రెండు నెలలకు బీపీ దారికొచ్చింది. దారికొచ్చాక ఇక మాత్రతో పనేముందని తనకు తనే డాక్టరై తీర్పు చెప్పేసుకున్నాడు. మాత్ర వేసుకోబట్టే దారికొచ్చిందన్న సంగతి ఆ మహామేధావి బుర్రకు తట్టలేదు. పోనీ, మానేశానని భార్యతో చెప్పే ధైర్యమైనా ఉందా అంటే, అదీ లేదు.

“మా అన్నయ్య కూడా ‘నాకేం, గుండ్రాయిలా ఉన్నా’ అనే మానేశాడు. ఇప్పుడు దాహమేసినా సైగ చెయ్యాల్సిందే. మీకు గనక మాట పడిపోతే మన గతేంటండీ?” అనేదామె. అన్నప్పుడల్లా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆయనకూ భయమేసేది. రేపటి నుంచి తప్పకుండా వేసుకుందాం అనుకునేవాడు. ఆ రేపు ఎంతకీ రాలేదు.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి బీపీ చూపించుకోవాలి. మనుషుల కళ్ళల్లో దుమ్ము కొట్టవచ్చు గానీ మిషన్ కళ్ళల్లో ఎలా కొట్టడం? ఆఫీసుకు వెళ్ళినా ఆయనకు అదే బెంగ.

ఆఫీసులో ఆయనది ఓ చిన్న గది. తలుపు బిగిస్తే బయటి చప్పుడు చీమంత కూడా లోపలికి రాదు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కడే కూర్చుంటే, ముందున్న కాగితాలన్నీ అయ్యేదాకా లేవకూడదు. మధ్యలో దగ్గొచ్చిందా, మళ్ళీ మొదటికే.

కళ్ళజోడు కోసం డబ్బా తెరిచాడు. మాత్రలు కనిపించాయి.

“ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకండి” అని కూడా ఆ ఫోన్ గొంతు చెబుతుంటుంది. ఆ వాక్యం ఆయనకు కంఠతా వచ్చు. రెండు వద్దన్నాడు గానీ మూడు వద్దనలేదుగా అనుకున్నాడు. తన తెలివికి తనే మురిసిపోయి మూడు మాత్రలు తీసి మింగాడు.

పని ముగించుకుని చటుక్కున లేచాడు. గది గిర్రున తిరిగింది. తర్వాతేమైందో ఆయనకు తెలీదు.

కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి మంచం, చేతికి సెలైన్.

“బీపీ అడుగంటింది. అదృష్టం బాగుండి తల పగల్లేదు,” అన్నాడు డాక్టరు.

ఆఫీసు వాళ్ళు తెచ్చిచ్చిన కళ్ళజోడు డబ్బాను భార్య తెరిచింది. తెల్లటి మాత్రలు బిలబిలా ఒళ్ళో రాలాయి. వాటిని చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు. సిగ్గుతో చచ్చి సగమయ్యాడు.

మర్నాడు పొద్దున్నే తెరకు అవతల, పక్క మంచం మీద ఫోన్ మోగింది. స్పీకర్లో అదే గొంతు. “నమస్కారమండీ! ఈ రోజు మీ బీపీ మాత్ర...”

“వేసుకుంటున్నా నాయనా, ఇదిగో వేసుకుంటున్నా,” అంది ఓ ముసలి గొంతు.

“ఆ మామ్మగారు మేమిస్తే ససేమిరా అంటారండీ. ఫోన్‌లో ఆ అబ్బాయి చెప్పాల్సిందే,” అని నవ్వింది నర్సు. ఆయన చేతిలోనూ ఒక మాత్ర పెట్టింది. “మీ బీపీ మళ్ళీ పైకొచ్చింది. రోజుకి ఒక్కటే, ఒకే వేళకి వేసుకోమన్నారు డాక్టరుగారు. ఆయన్ని అడక్కుండా మానకూడదు.”

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“నిన్న మూడు మింగాను కదమ్మా. ఈ రోజుది, రేపటిది అందులోనే చెల్లు.”

“ముందే నింపి పెట్టుకోవడానికి ఒళ్ళేమన్నా నీళ్ళ ట్యాంకా అండీ?”

“అది కాదమ్మా, ఎల్లుండి నుంచి తప్పకుండా వేసుకుంటాను. నన్ను నమ్మండి.”

అవతల మంచం కిర్రుమంది. తెర సర్రున పక్కకు జరిగింది. మామ్మగారు ఆయన్ని ఎగాదిగా చూసింది.

“రోజూ పొద్దున్నే ఫోన్ చేసి నాచేత మాత్ర మింగించేది నువ్వే కదా నాయనా, మరి నీ మాత్ర నువ్వు మింగడానికేం రోగం?”