మాట వినే ఫ్లోరిన్

గంగమ్మ తల్లీ అని మొక్కి తోడుకున్న నీళ్ళు మనిషి ఎముకల్ని ఎందుకు వంచాలి? మర్రిగూడలో జంగమ్మ ఎన్నో ఏళ్ళుగా మోస్తున్న సందేహమది. దీపం పెట్టినప్పుడల్లా నాలుక చివరి దాకా వచ్చేది. దేవుణ్ణి అడగడం తప్పేమోనని మింగేసేది.

ఆ సాయంత్రం మింగలేకపోయింది. వెలిగించిన దీపం చేతిలో పట్టుకునే కూతుర్ని అడిగింది.

"మల్ల చెప్పు బిడ్డా. గా గాజు గొట్టంల ఏముంటదంటివి?"

"ఫ్లోరిన్, అమ్మా."

బెంగళూరులో పరిశోధన చేస్తున్న కూతురు అండాలు 1999 ఎండాకాలం సెలవులకు వచ్చింది. ఏ యంత్రం మీద పని చేస్తుందో తిరిగి వెళ్ళగానే పరిశోధన చేయించే సారుకు చెప్పాలి.

"మన నీళ్ళల్ల ఉన్నదేనా?"

"ఆ జాతిదే. క్వాంటం కంప్యూటర్లని కొత్తగ వస్తున్నయి. అణువులతోనే లెక్కలు చేయిస్తరు. మా దాంట్ల ఫ్లోరిన్ ఉన్న మందు గొట్టంల పోసి పెద్ద అయస్కాంతం నడుమ పెడ్తరు."

జంగమ్మ దీపం గూట్లో పెట్టింది. మెడ తిరగదు కాబట్టి మనిషంతా కూతురి వైపు తిరిగింది.

"వేరే రకం లేదా?"

"ఉన్నది. ఒక్కొక్క అణువును గాలి లేని డబ్బల పట్టి నిలబెడ్తరు. చెప్పింది మస్తు సేపు యాదిల పెట్టుకుంటది. కాని కట్టుడు కష్టం. మాది ఇప్పుడే పని చేస్తది. లెక్క పెద్దగైతే మాత్రం దాని గొంతు పడిపోతది, జవాబు వినపడదు."

"మరి గా డబ్బదే పట్టుకోరాదే?"

"ముందుముందు ఏది గెలుస్తదో ఎవలకెరుక? ఫ్లోరిన్ మంచిగ మాట వింటదమ్మా."

"మాట వింటదా? గిన్నేండ్ల సంది నా బొక్కలల్ల కూసోని మెడను తిరగనిస్తలేదు."

అండాలు నవ్వబోయి ఆగింది. తల్లి చూపు తన మణికట్ల మీద, మోకాళ్ళ మీద భయంభయంగా తిరుగుతోంది.

"నిన్ను అమ్మమ్మ ఊర్లె పెంచింది ఇందుకేనా? మన బావి నీళ్ళు ఒక్క చుక్క నీ నోట్ల పడనియ్యలే."

"గొట్టం మూసే ఉంటదమ్మా."

"పగిలితే?"

"చేతులకు తొడుగులు ఉంటయి."

"నాకు కథలు చెప్పకు. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి. జన్మల దాన్ని ముట్టనని."

వంగిన నడుమును ఇంకా వంచి, తల ముందుకు పెట్టి కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ చెయ్యి పడలేదు.

"ఏమాయె బిడ్డా?"

"ఒట్టెయ్యాలంటే నిన్ను ముట్టాలె గదమ్మా," అంది అండాలు. "నీ బొక్కల నిండ ఉన్నది గదే."